పూత మీద ఎనిమిది గ్రహాలు

మందు కలిపిన డ్రమ్ములు తోటలో సిద్ధంగా ఉన్నాయి. పంపులూ ఉన్నాయి. కొట్టే మనుషులే లేరు.

బసవపున్నారావుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి! ఆయన నూజివీడులో మామిడి మీద పరిశోధన చేసే సర్కారు ఉద్యోగి. పూత రసం పీల్చేసే తేనెమంచు పురుగుకి మందు ఏ అదనులో కొడితే కాపు నిలుస్తుందో తేల్చడం ఆయన పని. మొగ్గ మీద ఒకసారి, పిందె పడేటప్పుడు ఇంకోసారి కొట్టాలని ఆయన నమ్మకం. ఆఫీసు చెట్ల మీద రుజువైంది కూడా. కానీ రైతుల తోటల్లో రుజువైతేనే దానికి విలువ.

ఆ రైతులు రెండేళ్ళ పాటు గేటు తియ్యనే లేదు. "విషం కొడితే చెట్టు చచ్చిపోద్దండీ" అన్నారు. అలాంటిది మొన్న డిసెంబరులో ఊరు ఊరంతా ఒక్కసారిగా ఒప్పేసుకుంది. "ఎలా ఒప్పించావయ్యా!" అని పై ఆఫీసరు ముక్కున వేలేసుకున్నాడు. బసవపున్నారావు నవ్వి ఊరుకున్నాడు.

మొదటి మందు దివ్యంగా పడింది. రెండోది ఈ శనివారం పడాలి. పడకపోతే పురుగు మళ్ళీ కమ్మేస్తుంది, పూత మసిబారి రాలిపోతుంది. రైతుల కాపూ పోతుంది, ఈయన పరిశోధనా గంగలో కలుస్తుంది.

సరిగ్గా ఈ శనివారమే దాపురించింది అష్టగ్రహ కూటమి! అరవై రెండు ఫిబ్రవరి. ఎనిమిది గ్రహాలు మకరరాశిలో చేరాయనీ, ఇక లోకానికి మూడిందనీ దేశమంతా ఒకటే గగ్గోలు. నిన్నటి దాకా దుమ్ము లేపిన ఓట్ల జీపులు కూడా ఇవాళ పత్తా లేవు.

బసవపున్నారావు సైకిలేసుకుని కూలీల మేస్త్రీ యలమంద ఇంటికెళ్ళాడు. తలుపు మూసుంది. పిలవగా పిలవగా కిటికీ ఓరగా తెరుచుకుంది.

"ఏంటయ్యా యలమందా, పొద్దెక్కిపోతోంది. మనుషులేరీ?"

"ఈ మూడ్రోజులూ గడప దాటమండీ. మంగళారం వస్తాం."

"మంగళవారానికి పూత ఉండొద్దూ!"

"ముందు మనం ఉండాలి కదండీ."

"ఓరి నీ దుంపతెగ! గ్రహాలంటే ఏంటనుకున్నావు? ఉత్త రాళ్ళు, ఆవిరి ముద్దలు. ఒకదానికీ ఒకదానికీ మధ్య కోట్ల మైళ్ళు. మైలవరం బస్సూ, దాని పైన ఎగిరే గద్దా ఒకే వరసలో కనపడితే గుద్దుకుంటాయా?"

"గుద్దుకోవండీ."

"మరి?"

"అయినా పెద్దోళ్ళు చెప్పారు కదండీ" అని యలమంద కిటికీ మూసేశాడు.

అక్కణ్ణుంచి తిరుపతిరావు ఇంటికి. పదెకరాల చిన్నరసాల తోట ఆయనది. ఆ ఇంట్లో బూరెలు వేగుతున్నాయి. పోయేలోపు కడుపునిండా తిని పోదామని కాబోలు!

"తోట మీది, కాపు మీది. మీరైనా నలుగురు మనుషుల్ని కూడదీయండి తిరుపతిరావుగారూ!" అని బతిమాలాడు.

తిరుపతిరావు నింపాదిగా, "మా తోటకేం కాదులెండి, మొదటి మందు పడిందిగా" అన్నాడు.

"మొదటిది పడితే సరిపోదండీ బాబూ!"

"మీరే ఇలా అంటే ఎలాగండీ? రండి, బూరెలు తిందురుగాని."

బసవపున్నారావుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ ఊపులో పోయి సిద్ధాంతిగారి మీద పడ్డాడు. హోమం దగ్గర చెమటలు కక్కుతున్న సిద్ధాంతి గయ్యిమన్నాడు.

"నా మీద అరుస్తారేమయ్యా? గండం ఉంది, శాంతి చేసుకోమన్నాను. అంతే! ఇళ్ళల్లో దాక్కోమని నేననలేదు, పొలం పనులు మానమనీ అనలేదు."

బసవపున్నారావు మొహం తిప్పుకున్నాడు. గబగబా సైకిలెక్కాడు.

ఎండ చురుక్కుమంటోంది. తోట పక్కనుంచి వెళ్తుంటే పురుగులు ముసురులా లేచి మొహానికి కొట్టుకున్నాయి. పూతకి అప్పుడే జిగురు పట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది తన బతుకు.

ఇక మిగిలింది క్రైస్తవుల పేట ఒక్కటే. వాళ్ళకి రాశులూ లేవు, శాంతులూ లేవు. ఈ ఆలోచన ముందే రానందుకు తనని తనే తిట్టుకున్నాడు. ఆ పేటలో ఆడకూలీలకి పెద్ద మగ్దలేనమ్మ. పంపు పట్టిందంటే మగాళ్ళకి తీసిపోదు. ఆమె మనవల్ని లోపల కూర్చోబెట్టి, తలుపుకి అడ్డంగా కూర్చుని ఉంది.

"మగ్దలేనమ్మా, నువ్వే ఆదుకోవాలి. మీకీ గ్రహాల పిచ్చి లేదు కదా!"

"మాకెందుకు బాబూ అయ్యన్నీ?"

"బతికించావు! పద, ఓ ఆరుగుర్ని పోగెయ్. రెట్టింపు కూలిప్పిస్తాను."

మగ్దలేనమ్మ కదల్లేదు.

బసవపున్నారావుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ జోడించాడు. "నీకు దణ్ణం పెడతాను. చదువుకున్నవాణ్ణి, నా మాట నమ్ము. ఆ గ్రహాలు ఎవర్నీ ఏమీ చెయ్యవు!"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది.

"గ్రహాల్ని మేమెప్పుడు నమ్మాం బాబూ? ఆ ఎనిమిదింటి కన్ను పడితే మందు కొట్టించుకోని తోటలన్నీ మాడిపోతాయనీ, ఆ మూడ్రోజులూ బయట తిరిగే మనిషి కూడా మిగలడనీ క్రిస్మస్ ముందు పంచాయితీ అరుగెక్కి చదువుకున్న మీరే చెబితేనే నమ్మాం!"