గానుగ రాడ్డు

"గానుగ ఉంది సరే, రాడ్డేదీ?"

షెడ్డులోంచి మామ మిలున్ అరుపు తిహోమిర్‌కు వినిపించింది. ద్రాక్షను నొక్కి రసం తీసే మామ గానుగకు ఉండాల్సిన, మరచుట్లున్న ఆ లావుపాటి రాడ్డు ఇప్పుడు తను ఇనుము బిగించి పట్టడానికి చేసుకున్న వైసులో ఉంది. రైలుపట్టా ముక్కలు కోసి, వెల్డింగు పెట్టి, ఎద్దు తలకాయంత వైసు తయారుచేశాడు. అందులో బిగించిన ఇనుము ట్రాక్టరు లాగినా కదలదు.

లెక్క వేసుకునే తీశాడు. గానుగకు రాడ్డుతో పని పంట రోజుల్లోనే. వైసుకైతే ఏడాది పొడుగునా. మామ గానుగ దగ్గరికి వచ్చేలోగా దానికి లారీ జాకీ అమర్చేద్దామనుకున్నాడు. ద్రాక్ష ఈసారి ముందే పండుతుందన్నది ఆ లెక్కలో లేదు. వాకిట్లో తొట్లు నిండిపోయాయి. ఇప్పుడు రాడ్డు తీయాలంటే వైసును కోసెయ్యాల్సిందే.

బల్ల మీది వైసును గోనెపట్టాతో కప్పేసి మామకు ఎదురెళ్ళాడు.

"పక్కింటి స్తోయాన్ వాళ్ళు తీసుంటారు మామా. అప్పట్లో మీ నాన్నగారి ఇనుప సామాను కూడా వాళ్ళే ఎత్తుకెళ్ళారటగా!"

"వాళ్ళు తీయరు."

"అంత గట్టిగా ఎలా చెబుతారు?"

మిలున్ మీసం దువ్వుకున్నాడు.

"ముందు కాఫీ తాగు నాన్నా," అంది రాదెంక, మొగుడి మొహం చూస్తే నవ్వొస్తుందని అటు తిరిగి.

"కాఫీ తాగితే రసం దిగుతుందటే? పోనీ, రాడ్డు సంగతి తర్వాత చూద్దాం. అల్లుడూ, ఈ పీపా పట్టీ వంగింది. కాస్త సరిచెయ్యి."

గండం గడిచిందనుకున్నాడు తిహోమిర్. హుషారుగా పట్టీ అందుకుని, అలవాటు కొద్దీ గోనెపట్టా లాగి అవతల పారేసి, వైసు దవడల మధ్య పట్టీని పెట్టి పిడి తిప్పాడు. సుత్తి దెబ్బలకు పట్టీ తిన్నగా అయింది.

"చూశారా మామా, ఏం పట్టు!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

మిలున్ కళ్ళద్దాలు పెట్టుకుని వైసు మీదికి వంగాడు.

"గానుగకు జాకీ బిగిస్తాను మామా! సగం శ్రమతో రసమంతా దిగుతుంది. చూడబోతే లాభం మీకే," గబగబా అన్నాడు తిహోమిర్.

"దొంగసొత్తు మీద బేరమా?"

"ఇంట్లో వస్తువు ఇంట్లోనే ఉంటే దొంగతనం ఎలా అవుతుంది?"

"ఈ మాట మహా బాగుంది," అన్నాడు మిలున్. రాడ్డు మరచుట్ల మీద వేలితో తడిమాడు. పిడి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాడు. ఆయన మొహంలో కోపం కనిపించలేదు.

"సరే, జాకీ బిగించు. మొదటి పీపా మాత్రం స్తోయాన్ ఇంటికి వెళ్ళాలి."

"నేను నింద వేశాననా? ఆయన వినలేదు కదా మామా!"

"నీ నింద ఇవాళ్టిది. వాళ్ళు నలభై ఏళ్ళుగా మోస్తున్నది వేరే ఉంది."

మిలున్ గుమ్మం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"మా నాన్న వైసులోంచి ఈ రాడ్డు ఊడదీసి గానుగకు బిగించింది నేనే."