డ్రైవరుగారి పథ్యం

“అమ్మో, మోకాలు” అంటూ డ్రైవరుగారు కుర్చీలో కూలబడ్డారు.

ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య టైలరు. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కోట్లకు చేత్తో కాజాలు కుట్టడంలో ఆమెకు పెద్ద పేరు. ఈమధ్య మాత్రం చేతికాజాల ఫ్యాషన్ పోయిందంటూ అన్నీ మిషన్ మీదే కానిచ్చేస్తోంది.

ఆమె మిషన్ ఆపి వచ్చింది. “నిన్న వేళ్ళన్నారు, ఇవాళ మోకాలా?”

“నొప్పికి సొంతిల్లు ఉంటుందా? ఒళ్ళంతా తిరుగుతుంది.”

“అయితే డాక్టరమ్మకి చూపించుకోండి.”

“నువ్వూ రా. ఆవిడ చెప్పేది నాకు ఈ చెవిన పడి ఆ చెవిన పోతుంది.”

“ఆస్పత్రి గడప తొక్కడం నాకు పడదని తెలుసుగా. వెళితే చాలు, ఉన్న పని మానుకోమంటారు.”

“నిన్ను చూపించుకోమన్నానా? నాకు తోడు రమ్మన్నాను.”

అంతమాట అన్నాక ఆమెకు తప్పలేదు.

డాక్టరమ్మ ఆయన మోకాళ్ళు వంచి చూసింది, వేళ్ళు నొక్కింది. తర్వాత టైలరమ్మ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.

“కీళ్ళ అరుగుదల. మంత్రం వేసినట్టు మాయమైపోదు గానీ, తిండి మార్చి కీళ్ళకు కాస్త పని చెబితే నొప్పి దారికొస్తుంది. తీపి, వేపుళ్ళు తగ్గించాలి. ఆకుకూరలు, చేపలు, అక్రోటు పప్పులు, అవిసె గింజలు తినాలి. వంటలో అల్లం, పసుపు పడాలి. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో చేతులుంచి వేళ్ళు ముడిచి తెరవాలి. రోజూ నడవాలి. వెచ్చటి నువ్వుల నూనె రాయాలి. గట్టిగా రుద్దకూడదు, ఇలా” అంటూ ఆమె చెయ్యి తీసుకుని ఒక్కో కణుపూ మెత్తగా ఒత్తి చూపించింది. “వాపు పెరిగినా, ఎర్రబడినా ఇంటివైద్యమంటూ కూర్చోకుండా నా దగ్గరికి రావాలి.”

“ఇవన్నీ ఈయన చేస్తారంటారా?”

“మీరు పక్కనుంటే చేస్తారు.”

ఇంటికి రాగానే డ్రైవరుగారు మొండికేశారు.

“నేను ఆకులు తింటుంటే నువ్వు ఎదురుగా కూర్చుని బిస్కెట్లు నములుతావా? నువ్వు తింటేనే నేనూ తింటాను.”

“జబ్బు మీకు, పథ్యం నాకూనా?”

“పెళ్ళంటే అదే మరి.”

ఆమె నవ్వుకుంటూనే బిస్కెట్ల డబ్బా పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. మర్నాటి నుంచి ఇద్దరి కంచాల్లోనూ ఒకటే తిండి. పొద్దున్నే బేసిన్లో నాలుగు చేతులు. ఆయనకు వేళ్ళు ముడవడం కూడా రాదట, ఆమె ముందు చేసి చూపించాలట. మొదట్లో ఆమె పిడికిలి సగంలోనే ఆగిపోయేది. “వయసొచ్చాక పొద్దుటిపూట ఎవరికైనా ఇంతేలెండి” అనేది. అప్పటికే ఆయన తన వేళ్ళ గురించి మూలగడం మొదలుపెట్టేవారు. నూనె రాయడం కూడా ఆమె పనే.

“ఇంత సుకుమారం మనిషి అంత పెద్ద బస్సు ఎలా నడిపారో” అని విసుక్కుంటూనే ఆయన మోకాళ్ళకు మెత్తగా నూనె రాసేది.

ఒక సాయంత్రం వీధి చివర బేకరీ ఆయన ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చాడు.

“వదినా, ఇందాక అన్నయ్యగారు బస్సు వెనక పరుగెత్తి మరీ ఎక్కారు. కుర్రాళ్ళు కూడా అలా ఎక్కలేరు.”

టైలరమ్మ ముఖం వెలిగిపోయింది. “అల్లం పనిచేస్తోందన్నమాట.”

కాసేపటికి డ్రైవరుగారు కుంటుకుంటూ వచ్చారు.

“పరుగెత్తారటగా?”

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. “ఎవరు చెప్పారు?”

“ఎవరు చెబితేనేం? కాస్త తగ్గిందో లేదో అప్పుడే పరుగులా? మళ్ళీ పట్టేసిందిగా. ఇకనుంచి మిమ్మల్ని ఒంటరిగా వదలను. రోజూ నడకకి నేనూ వస్తాను.”

“నీకెందుకే శ్రమ?”

“మాట్లాడకండి.”

ఆయన తల వంచుకుని లోపలికి నడిచారు.

అలా నెలలు గడిచాయి. టైలరమ్మ తన జాకెట్లు తనే బిగించి కుట్టుకోవాల్సి వచ్చింది. ఒకరోజు పాత ఖాతాదారు కొత్త కోటు తెచ్చి, చేతికాజాలే కావాలని పట్టుబట్టాడు. ఆమె కాసేపు ఆ గుడ్డను వేళ్ళతో తడిమి చూసింది. తర్వాత సూదిలో దారం ఎక్కించింది. ఎదురుగా డ్రైవరుగారు పేపరు చదువుతున్నారు. కాజా పూర్తయ్యేదాకా ఆయన పేజీ తిప్పలేదు.

“చూడండి, చెయ్యి తిరిగింది” అంది ఆమె, కోటు ఎత్తి చూపిస్తూ.

“బానే ఉంది” అన్నారాయన. ఆ పూట ఆకుకూర మారుమాట్లాడకుండా తిన్నారు.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు మాటలన్నీ టైలరమ్మవే.

“మనిషి తేలికయ్యారు డాక్టరమ్మా. నిద్ర బాగా పడుతోంది. ఆ కుంటడం ఒక్కటే వదలట్లేదు.”

“నూనె ఎలా రాస్తున్నారో చూడనివ్వండి” అంటూ డాక్టరమ్మ మళ్ళీ ఆమె చేతులే అందుకుంది. ఒక్కో వేలూ వంచి చూసి, తృప్తిగా తలూపింది. “ఇదే పద్ధతి కొనసాగించండి.”

“నేను చూసుకుంటానుగా” అంటూ టైలరమ్మ బస్సు వస్తోందేమో చూడడానికి బయటికి వెళ్ళింది.

తలుపు మూసుకుంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ ముందుకు వంగింది.

“ఇంకెన్నాళ్ళండీ ఇలా?”

డ్రైవరుగారు కిటికీలోంచి భార్య వైపు చూశారు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె రోడ్డు వైపు చూస్తోంది.

“ఆవిడ వేళ్ళ నొప్పి పూర్తిగా పోయేదాకా కుంటుతానమ్మా.”