షెరీఫ్ పడే సీను

“ఆ చొక్కా మార్చుకో లైల్. సినిమాకొస్తున్నావు, గొడ్ల సంతకి కాదు,” అంది ఇడెల్లా గుమ్మంలోనే నిలబడి.

“వస్తానని ఎవరన్నారు?” లైల్ కుర్చీలోంచి కదల్లేదు.

“నేనన్నాను. వచ్చే వారం మూటాముల్లె సర్దుకుని బోయిసీలో కూతురి దగ్గరికి పోతున్నావు. ఇంక ఈ ఊరి మొహం చూస్తావా పెడతావా?”

లైల్ వెనక గోడవారగా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఇడెల్లా లోపలికి వచ్చి కొక్కేనికి ఉన్న టోపీ తీసి అతని ఒళ్ళో పడేసింది.

“నేనెప్పుడైనా నిన్ను ఏదైనా అడిగానా?”

ఆ మాటకి లైల్ లేచాడు.

ఆ ఊరి చుట్టూ ఉన్న ఎర్రకొండల్లో ఒకప్పుడు ఏడాది పొడుగునా కౌబాయ్ సినిమాలు తీసేవారు. ఇడెల్లా భర్త ఎమెట్ హీరోల బదులు గుర్రాల మీంచీ, మేడల మీంచీ దూకేవాడు. లైల్ గుర్రబ్బండ్లు తోలేవాడు. ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. అప్పటివాళ్ళలో ఇప్పుడు ఊళ్ళో మిగిలింది ఇడెల్లా, లైల్ మాత్రమే. వాళ్ళు పనిచేసిన సినిమాల్లో జనం మరిచిపోనిది ఒక్కటే, దొంగల్ని పట్టాల్సింది పోయి కోడిని చూసినా వణికిపోయే షెరీఫు కథ. ఏటా వేసవిలో పాత హాల్లో దాన్ని ఆడిస్తారు. ఇడెల్లా ఒక్క ఏడూ మానలేదు. లైల్ ఒక్క ఏడూ వెళ్ళలేదు.

మేడ మీంచి దూకి పేరు కొట్టేసింది ఎమెట్, బండి తోలినవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు, అందుకే ముసలాయనకి ఆ సినిమా అంటే గుర్రు అని ఊళ్ళో చెప్పుకునేవారు. లైల్ కాదనలేదు, అవుననలేదు.

ఇడెల్లాయే ట్రక్కు నడిపింది.

“ఏటా అదే సినిమా. విసుగెత్తదా నీకు?” అన్నాడు లైల్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

“ఎందుకెత్తుతుంది? అందులో తూటాలన్నీ టోపీలకే తగులుతాయి. చచ్చేవాడు ఒక్కడుండడు. బయట అలా ఉంటుందా చెప్పు? అందుకే జనం మళ్ళీ మళ్ళీ వస్తారు.” మలుపు తిప్పి మళ్ళీ అంది. “నాకైతే ఏడాదికోసారి ఎమెట్‌ని చూసుకోవడం. దూకేది ఆయనే కదా. పడి లేచేటప్పుడే హీరో మొహం కనిపించేది.”

హాలు కిటకిటలాడుతోంది. తాతలు మనవల్ని ఒళ్ళో కూచోబెట్టుకున్నారు. లైల్‌ని చూసి హాలు నడిపే జోలీన్ పరుగున వచ్చింది.

“లైల్ గారూ! ఇన్నాళ్ళకి దయ కలిగిందా? ఇవాళ మిమ్మల్ని స్టేజీ ఎక్కించాల్సిందే. ఆ గడ్డిబండి తోలింది మీరేనటగా! ఏం టైమింగండీ! ఒక్క క్షణం అటూ ఇటూ అయితే ఆ సీను పండేదే కాదు.”

లైల్ వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. ఇడెల్లా అతని మోచెయ్యి పట్టుకుంది.

“స్టేజీలూ గీజీలూ వద్దమ్మాయ్. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. పక్కన కూచోబెట్టుకుంటాను, అంతే.”

సినిమా మొదలైంది. దొంగలు ఊళ్ళోకి వచ్చారని కబురు తెస్తే షెరీఫు మీసం దువ్వుకుని, “అలాగా! దొడ్డిదారి ఎటు?” అంటాడు. అతని కంటే ముందే హాలంతా ఆ మాట అనేసి పగలబడి నవ్వింది. ఇడెల్లా కూడా అంది. లైల్ మాత్రం చర్చిలో ఉన్నట్టు బిగుసుకుని కూచున్నాడు.

దొంగలు తరుముతుంటే షెరీఫు హోటలు పైకప్పు ఎక్కాడు. కింద గడ్డిబండి. లైల్ కళ్ళు మూసుకున్నాడు. ఇడెల్లా అతని చేతి మీద చెయ్యి వేసింది.

“కళ్ళు మూయకు. నా కోసం ఒక్కసారి చూడు.”

అతను చూశాడు. పైకప్పు అంచున షెరీఫు వేషంలో ఎమెట్ వీపు. దూకబోతూ బెల్టు పైకి లాక్కున్నాడు.

“ఇంట్లో మెట్లు దిగేటప్పుడూ అంతే చేసేవాడు,” గుసగుసగా అంది ఇడెల్లా.

ఎమెట్ దూకాడు. సరిగ్గా అప్పుడే బండి ముందుకి ఉరికింది. గడ్డి మీద పడాల్సినవాడు దబ్బున నేల మీద పడ్డాడు. హాలు నవ్వులతో దద్దరిల్లిపోయింది.

“టైమింగూ లేదు, పాడూ లేదు ఇడెల్లా.” లైల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “గుర్రాలు బెదిరాయి. నేను ఆపలేకపోయాను. ఇంతకాలం నీకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.”

“తెలుసు. చూశావుగా, గుర్రాల చెవులు వెనక్కి పడిపోయాయి. నువ్వు ఒళ్ళంతా వెనక్కి వాల్చి పగ్గాలు లాగుతున్నావు. ఏటా చూస్తూనే ఉన్నాను. నువ్వొక్కడివే చూడలేదు. అందుకే తీసుకొచ్చాను.”

లైల్ టోపీతో మొహం కప్పుకున్నాడు. అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి, ముసలాయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడనుకుని తనూ నవ్వింది.

తెర మీద హీరో నెత్తిన కోడితో లేచి, దుమ్ము దులుపుకుని, జనానికి సెల్యూట్ కొట్టాడు. హాలంతా చప్పట్లు. ఆ ముక్క తర్వాత వేరే రోజు తీసి అతికించారు.

ఆ రోజు నేల మీద పడ్డ ఎమెట్ మళ్ళీ లేవలేదు.