గోడవైపు తిరిగిన మాస్టారు

2002లో నాందేడ్‌లో కంప్యూటర్ క్లాసు నడిపేవాణ్ని. నాకంటే గుట్టుమనిషి ఆ ఊళ్లో లేడని నా నమ్మకం.

"పాస్‌వర్డ్ ఎక్కడ గూడ రాసుకోవద్దు. అమ్మకు చెప్పొద్దు, దోస్తుకు చెప్పొద్దు, నాకు గూడ చెప్పొద్దు" అని ప్రతి బ్యాచ్‌కూ బల్ల గుద్ది చెప్పేవాణ్ని.

ఆ రోజు కొత్తగా చేరిన నర్మదను నా కంప్యూటర్ ముందే కూర్చోబెట్టి, మెయిల్ ఖాతా తెరుచుకోమన్నాను. ఆమె పాస్‌వర్డ్ నా కంటబడకుండా పెద్దమనిషిలా గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఎంతసేపటికీ కీబోర్డు చప్పుడు వినబడలేదు.

"అరె బాప్‌రే! సార్, గీడ మీ మెయిలే తెరిచి ఉన్నది. మా ప్రాచక్కకు పదిహేడు జాబులు రాసిండ్రా?"

నర్మద వాళ్లక్క ప్రాచి అంతకుముందు ఏడాది నా దగ్గరే నేర్చుకుంది. పదిహేడింటిలో ఒక్కదానికీ జవాబివ్వలేదు.

"చదివి... మీ అక్క ఏమన్నది?" అని గోడనే అడిగాను.

"ఏడ సదివింది సార్! పాస్‌వర్డ్ రాసుకోవద్దని మీరే అంటిరి గదా. రాసుకోలే, రెండో రోజే మర్చిపోయింది. ఇప్పుడు నేనే సదువుతున్న. మూడోది మస్తు రాసిండ్రు."

నేను గోడవైపు నుంచి తిరగలేదు.