ఒంటికి పడనిది

“ఇవాళ కూడా ఏమీ తేలకపోతే, దీన్ని ఇంకా బాధపెట్టడం మంచిది కాదమ్మా,” అన్నాడు పశువుల డాక్టరు. “నొప్పి తెలియకుండా పోవడానికి ఒక ఇంజక్షన్ ఉంది. ఆలోచించుకోండి.”

బట్టలు కుట్టే ఆవిడ ఆలోచించలేదు. ఒళ్ళో ఉన్న పిల్లిని ఇంకాస్త గట్టిగా పొదువుకుంది. గోక్కోకుండా దాని మెడకు తొడిగిన ప్లాస్టిక్ గరాటా ఆమె గడ్డానికి గుచ్చుకుంటోంది. గరాటా కింద మెడంతా పచ్చిపుండు. చెవుల వెనక ఒక్క వెంట్రుక లేదు. దురద ఆపే మాత్రలు కాలేయాన్ని తినేస్తున్నాయని పోయిన నెలే మానిపించారు. అప్పట్నుంచి అది గోడకేసి రుద్దుకోవడం, ఈవిడ ఏడవడం, ఇద్దరికీ అదే పని.

చేయించని వైద్యం లేదు. చేప పడదేమో అంటే చేప మానిపించింది. కోడిమాంసం పడదేమో అంటే అదీ పోయింది. నూలు రజను కూడా కావచ్చని ఎవరో అన్న మాటకు, కుట్టమని వచ్చిన గుడ్డలన్నీ ఎవరివి వాళ్ళకిచ్చేసి, మిషను తీసుకెళ్ళి తమ్ముడింట్లో పడేసింది. చేతిలో పని పోయింది గానీ పిల్లికి దురద పోలేదు.

“పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికెళ్ళినట్టు, ఎక్కడికెళ్ళినా ఇదే గోల,” అని గొణిగాడు మొగుడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి అడుగు పెట్టలేదు.

“చూశారా? ఆయనకి ఇదంటే పడదండీ,” అంది ఆవిడ డాక్టరుతో. “దీనికీ ఆయన పడరు. ఆయన రాసుకునే పౌడరే దీని కొంప ముంచింది.”

“నేను పడకపోతే నన్ను గోకాలి గానీ, తన్ను తాను గోక్కుంటుందా?” అన్నాడు మొగుడు.

డాక్టరు నవ్వలేదు. ఇందాకే పిల్లికి ఒక పక్క బొచ్చు గీసి, చర్మం మీద పెన్నుతో చుక్కలు పెట్టాడు. ఒక్కో చుక్క దగ్గర ఒక్కో సీసాలోది సన్నని సూదితో ఎక్కించాడు. దుమ్ము, బూజు, పుప్పొడి, దూది, ఇంకా ఏవేవో. ఏ చుక్క ఉబ్బితే అది పడనట్టు.

ముగ్గురూ దాని డొక్క వైపే చూస్తున్నారు. దుమ్ము చుక్క ఉబ్బలేదు. బూజూ అంతే. దేవుడా, ఏదో ఒకటి ఉబ్బనీ అనుకుంది ఆవిడ. బిడ్డకు జబ్బు తేలాలని మొక్కుకునే తల్లి ఉంటుందా అంటే, ఉంది.

వెన్ను దగ్గర చిట్టచివరి చుక్క ఎర్రబడింది. చూస్తుండగానే శనగగింజంత లేచింది.

“అదేంటో చెప్పండి బాబూ,” అంది ఆవిడ. “ఏదైనా సరే, వదిలించేస్తాను.”

డాక్టరు ఆ సీసా మీది పేరు చదివి, మళ్ళీ చదివాడు. “మనుషుల చర్మం నుంచి రాలే పొట్టు అమ్మా. కంటికి కనపడదు. అరుదే గానీ, కొన్నిటికి అదీ పడదు.”

ఆవిడ గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. “విన్నారా? పౌడరు కాదు, అసలు మనిషే పడలేదు.”

ఏడ్చి ఏడ్చి వాచిపోయిన ఆమె కళ్ళకేసి ఆయన చూశాడు.

“సరేలే, అన్నయ్య వాళ్ళింట్లో ఉంటాను. దాన్ని బతకనీ. నువ్విలా అయిపోతుంటే చూడలేకపోతున్నాను,” అన్నాడు.

ఆవిడకి దుఃఖం ఆగలేదు. గరాటా తీసేసి, పిల్లి మెడకు చెంప ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లి కూడా ఆమె మెడ వంపులోకి తల దూర్చి గురగురలాడింది. వెనక కాలు మాత్రం గోకుతూనే ఉంది.

“ఒక్క మాటమ్మా,” అన్నాడు డాక్టరు. “ఆయన దీన్ని ఎప్పుడైనా ఎత్తుకున్నారా?”

“ఏనాడూ ముట్టుకోలేదండీ. పగలూ రాత్రీ నా ఒళ్ళోనే.”

“అయితే ఆయన వెళ్ళినా లాభం లేదు. దీనికి పడనిది ఆ ఒళ్ళేనమ్మా. కింద పెట్టండి.”