ఎదురుగాలి

"తేలిక రాడ్ నాకెందుకురా? నలభై పౌన్ల చారల బాస్ చేప పడితే పుటుక్కున విరుగుతుంది. ఆ తొమ్మిదో నంబరు తియ్యి," అన్నాడు విన్స్‌లో.

పక్షవాతం నుంచి లేచాక, అమెరికాలో కేప్ కాడ్ సముద్రపు ఒడ్డునున్న ఆ గాలాల కొట్టుకు అతను రావడం అదే మొదలు. కొట్టు యజమాని ఆరిన్ ఆ బరువు రాడ్ తీసి, అతన్ని వెనక ఇసుకలోకి నడిపించాడు.

విన్స్‌లో విసిరాడు. దారం కాళ్ల దగ్గరే పడింది. మూడోసారి రాడ్డే చేతిలోంచి జారిపోయింది.

"ఎదురుగాలి," అన్నాడు.

కొట్టు మీది జెండా కదలడం లేదు.

"అవునురా, పాడు గాలి," అన్నాడు ఆరిన్, రాడ్ ఎత్తి అందిస్తూ.

విన్స్‌లో అందుకోలేదు. ముప్పై ఏళ్లుగా తన ప్రతి విసురుకూ పగలబడి నవ్విన స్నేహితుడి ముఖంలోకి చూశాడు.

"అయితే నా పని అయిపోయిందన్నమాట."

ఆరిన్ తల వంచుకుని దారం చుట్టసాగాడు.