బెంచీ మీది విలేకరి

ఏరు పొంగి బ్యాంకు మెట్ల మీదికి నీళ్ళొచ్చిన ఏటికి మరుసటేడు జరిగింది ఇది. ఆ వరదలో బజారంతా మూతపడినా ఆ బ్యాంకు మాత్రం తలుపులు మూయలేదు.

అతను పేపర్లో డబ్బు వార్తలు రాసేవాడు. చదివింది మాత్రం మానవశాస్త్రం. మనుషుల మధ్య కూర్చుని వాళ్ళ నడతను చూసే చదువు. తోటి విలేకరులు ఫోన్లో నాలుగు అంకెలు అడిగి సాయంత్రానికి వార్త రాసేసేవారు. ఇతను పొద్దున్నే వెళ్ళి బ్యాంకు హాల్లో ఫ్యాను కింద బెంచీ మీద కూర్చునేవాడు. ఎవరొచ్చారు, ఎవరితో మాట్లాడారు, కౌంటరు దగ్గర ఎలా నిలబడ్డారు, అన్నీ చూసేవాడు. నెలల తరబడి అదే పని.

ఆఫీసులో అతనికి బెంచీగారని పేరు పడింది.

"బెంచీగారూ, మీరు పొదిగే గుడ్లు ఎప్పుడు పిల్లలవుతాయండీ?" అనేవారు తోటివాళ్ళు.

ఎడిటర్‌కి నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, అంతసేపు ఏం చూస్తావక్కడ? జనం వస్తారు, డబ్బు కట్టి పోతారు."

"అదేనండీ చూస్తున్నది."

"నా తలకాయ! నెలాఖరుకి కథనం నా బల్ల మీద ఉండాలి. లేకపోతే నీ కుర్చీ వేరేవాళ్ళకిస్తా. అప్పుడు ఆ బెంచీ మీదే కాపురం పెట్టుకో."

అతను పళ్ళు కొరుక్కుంటూ బయటికొచ్చాడు. ఇంతకాలం చేసిన పని సగంలో వదల్లేడు. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మర్నాడు ఇంకాస్త ముందే వెళ్ళి కూర్చున్నాడు.

ఆ ఆదివారం అత్తగారు వచ్చింది. చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

"ఏం బాబూ, మా బ్యాంకులోనే మకాం వేశారట? మా వీధంతా అదే మాట. ఏముందందులో?"

"ఏం లేదత్తయ్యా. చూస్తున్నానంతే."

"ఏం లేకపోతే పేపరువాళ్ళు ఊరికే కూర్చుంటారా? నా ముసలితనమంతా అందులోనే ఉంది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా? అదొక్కటీ చెప్పండి."

మాట నోటిదాకా వచ్చింది. కాని చూసేవాడు చూడాలే తప్ప, ఎదుటివాళ్ళకి ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెప్పకూడదు. అతని చదువులో మొదటి పాఠం అది.

"నేను చెప్పకూడదత్తయ్యా."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"అర్థమైందిలే నాయనా" అంది. కాఫీ కూడా తాగకుండా లేచింది.

సోమవారం బ్యాంకు తలుపు తీసేసరికి ఆమె అక్కడుంది. ఆమె వెనక వాళ్ళ వీధి. మధ్యాహ్నానికి వరుస రోడ్డు మలుపు దాటింది. పేపరాయన అత్తగారే డబ్బు తీసేసుకుందట అన్న మాట, వరుస కంటే ముందు ఊరు చుట్టేసింది.

అతను బెంచీ ఎక్కి, "నా మాట వినండి" అని గొంతు చించుకున్నాడు.

"మీకేం బాబూ, మీవాళ్ళవి తీసేసుకున్నారుగా!" అన్నారెవరో.

సాయంత్రానికి బ్యాంకులో డబ్బు అయిపోయింది. షట్టరు దించేశారు.

ఎడిటర్ ఫోన్ చేశాడు.

"శభాష్! వార్త వాసన పట్టే ముక్కంటే నీదయ్యా! ముందే పసిగట్టి నాక్కూడా చెప్పలేదేం? రేపు మొదటి పేజీ నీదే. రాసి పంపు."

అతను ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున అతను ఆఫీసుకి వెళ్ళలేదు. కాళ్ళు బ్యాంకు వైపే లాక్కెళ్ళాయి. మూసిన షట్టరు ముందు, మెట్ల మీద మేనేజరు కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. అతనూ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"మాక్కూడా తెలియని లొసుగు మీకేం దొరికిందండీ?" అన్నాడు మేనేజరు, తల తిప్పకుండా. "ఇన్నాళ్ళూ కూర్చున్నారు. అసలు మా మీద ఏం రాద్దామని?"

అతను షట్టరు వంక చూశాడు.

"ఈ ఊరి జనం మీ బ్యాంకుని ఇంతలా ఎందుకు నమ్ముతారా అని."